గిద్యోను కలిపిన పదమూడు నిమిషాలు

సంచీ అడుగున బూట్లు పెట్టాలంటాడు గిద్యోను. బూట్ల కింద పాత పేపరు పరిస్తేనే పెట్టనిస్తానంటుంది సులోచన. లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక సందులో, ఆ చిన్న ఇంట్లో, మొగుడూ పెళ్ళాం సంచీని చెరోవైపు పట్టుకుని వాదులాడుకుంటుంటే, గిద్యోను అక్క కెజియా కుర్చీ అంచున కూర్చుని టికెట్లు మళ్ళీ తీసి చూసుకుంటోంది. ప్రయాణమంటే చాలు, ఆమె టికెట్లు పదిసార్లు చూసుకునేది. యాభై ఏళ్ళు వచ్చినా, ఇరవై ఏళ్ళుగా స్విట్జర్లాండులో గడియారాల ల్యాబులో పనిచేస్తూ ఎన్నిసార్లు విమానం ఎక్కి దిగినా, ఆ అలవాటు పోలేదు.

"పోయేది ఐదు దినాలకు. ఇన్ని మేజోళ్ళెందుకే?" అన్నాడు గిద్యోను.

"ఆడ వాన పడుతదంట. తడిసిన మేజోళ్ళతోని ఉరుకుతవా? ఉరికినంక రాత్రంత కాళ్ళు గుంజుతున్నయని నా పానం తింటవు."

"ఆడ నువ్వుండవు గదా, తినేటందుకు."

"ఫోన్ల తింటవు."

కెజియా నవ్వింది. నవ్వుతూనే తన చేతిసంచీలోంచి ఒక డబ్బా తీసి తమ్ముడికిచ్చింది. అందులో నల్లటి చేతి గడియారం ఉంది.

"ఇది మా ల్యాబుది, తమ్మీ. మైదానం బయట టైమెంతో చూపిస్తది. ఆటంతసేపు చేతికుంటే చాలు. నువ్వు చూడాల్సిన పని లేదు, ఆటయినంక మేం చూసుకుంటం."

గిద్యోను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఫుట్‌బాల్ రెఫరీ అతను. రెండు చేతులకూ రెండు గడియారాలు కట్టి మైదానంలోకి దిగేవాడు. ఎడమచేతి గడియారాన్ని ఆట ఆగినప్పుడల్లా ఆపేవాడు. కుడిచేతిది ఆగకుండా నడిచేది. చివర్లో రెండింటికీ ఎంత తేడా ఉంటే అంత సమయం ఆటకు కలిపేవాడు. ఒక సెకను తక్కువ కాదు, ఒక సెకను ఎక్కువ కాదు. ఆసియా అంతా అతనికి పేరు తెచ్చింది ఆ పట్టుదలే.

"మూడు గడియారాలు కట్టుకుంటే పిలగాండ్లు నవ్వుతరక్కా. ఇది గూడ ఆగకుండ నడిచేదే గదా? కుడిచేతిది ఇంట్ల పెట్టి దీన్నే కట్టుకుంట."

"కట్టుకో, ఏమైతది? తేడా వచ్చినా రెండు మూడు సెకన్లు" అంది కెజియా.

సులోచన జిప్పు లాగుతూ గొణిగింది. "ఇంగ్లండోల్లు మా లీగే గొప్ప అంటున్నరు. మిగిలిన దేశాలోల్లందరు కలిసి కాదంటున్నరు. నడుమ తిట్లు తినేటందుకు లాలాగూడల నువ్వు దొరికినవ్."

"ఇటోన్ని కాదు, అటోన్ని కాదు. అందుకే పిలిచిన్రు" అన్నాడు గిద్యోను గర్వంగా. సంచీ భుజాన వేసుకుని, ఆమె తలమీద అరచెయ్యి పెట్టి ఒకసారి నొక్కి, గడప దాటాడు.

ఆ తగువు ఎలా మొదలైందో కెజియాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది ఆమె బల్ల మీదే మొదలైంది.

బంతి గీత దాటిందా లేదా అని తేల్చడానికి ఆ రోజుల్లో ప్రతి బంతి లోపలా ఒక గింజంత గడియారం అమర్చేవారు. ఆట అయ్యాక ఆ గడియారాలు కొన్ని వెంట్రుకవాసి వెనకబడి ఉండేవి. చెడిపోయాయనుకుని కంపెనీవాళ్ళు పెట్టెలకు పెట్టెలు న్యూషాటెల్ సరస్సు ఒడ్డునున్న కెజియా ల్యాబుకు తిరుగుటపాలో పంపేవారు. ఒక శీతాకాలం ఆమె ఆ పెట్టెలను ఏ లీగ్ నుంచి వచ్చినవి ఆ లీగ్ పక్కన పేర్చింది. ఇంగ్లండ్ పెట్టెల వరస కిటికీ దాటిపోయింది. స్పెయిన్‌ది దాని వెనకే ఉంది. ఇటలీ, జర్మనీ పక్కపక్కన ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఫ్రాన్స్, పోర్చుగల్, హాలండ్ వరసలు పొట్టివి. వెనకబడిన బంతినే తీసుకుపోయి చిన్న లీగ్‌లో ఆడిస్తే దాని గడియారం నిక్కచ్చిగా నడిచింది. గడియారాల తప్పేమీ లేదు. ఆ మైదానాల మీద కాలమే నెమ్మదిగా నడిచింది.

ల్యాబు పెద్దావిడ డాక్టర్ బ్రెసాన్ ఆ లెక్క చూసి కళ్ళద్దాలు తీసేసింది. "ఎన్నిసార్లు సరిచూశావు?"

"సరిచూడడం మానేశానండీ. ఇప్పుడు భయపడుతున్నాను" అంది కెజియా.

కారణం మెల్లగా తెలిసింది. ఒక బంతి మీద ఇరవై రెండు ప్రాణాలు ఒకేసారి మనసు నిలిపితే, రెండు పక్షాలూ నువ్వా నేనా అన్నట్టు సమానంగా తూగితే, అక్కడ కాలం పాకంలా చిక్కబడుతుంది. ఒక్క పక్షమే బలంగా ఉంటే చాలదు. మ్యూనిక్ నగరపు పెద్ద క్లబ్బు ఏడు గోల్సు కొట్టి గెలిచిన రోజున బంతిలో గడియారం కదిలినట్టే లేదు. అదే వారం, ఇంగ్లండ్ పట్టికలో అట్టడుగున ఉన్న రెండు క్లబ్బులు కింది లీగ్‌కు జారిపోకుండా ఉండడానికి బురదలో పెనుగులాడుతుంటే, వాళ్ళ బంతిలో గడియారం బాగా వెనకబడిపోయింది. లీగ్ బలం దాని రాజులలో లేదని, ఓడిపోవడానికి ఒప్పుకోని దాని బీదవాళ్ళలో ఉందని ఆ రాత్రి కెజియాకు అర్థమైంది. ఇంటికి నడిచిపోతూ దారిలో ఊరికే నిలబడి ఆకాశం చూసింది. బరువైన నక్షత్రాల దగ్గర కాలం నెమ్మదిస్తుందని తను చదువుకుంది, అదే బురద కాళ్ళ మధ్య జరుగుతోంది.

అయితే కాలం అన్నిటికంటే ఎక్కువగా చిక్కబడిన ఒక్క ఆట మాత్రం ఇంగ్లండ్‌లో దొరకలేదు. అది మాడ్రిడ్‌లో, ఆ ఊరి రెండు క్లబ్బుల మధ్య జరిగింది. "మాది మొత్తం బరువు" అన్నారు ఇంగ్లండ్‌వాళ్ళు. "మాది శిఖరం" అన్నారు స్పెయిన్‌వాళ్ళు. ఇటలీవాళ్ళు ఇద్దరినీ తిట్టారు. చివరికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు. ఇంగ్లండ్ లీగ్ నుంచి పదకొండు మంది, మిగతా ఖండమంతటి నుంచి పదకొండు మంది ఆడాలి. మైదానం ల్యాబు పక్కనే వేయాలి. రెఫరీ యూరప్‌వాడు కాకూడదు.

రెండు వేల నలభై ఆరు, జూన్ పది, ఆదివారం. సన్నటి వాన. గిద్యోను విజిల్ ఊదాడు.

మొదటి సగం కెజియా ఊహించినట్టే సాగింది. బంతి గడియారం రెండు సెకన్లు వెనకబడింది. చూసేవాళ్ళకు తేడా తెలియలేదు. రెండో సగంలో ఒకరు గోల్ వేస్తే వెంటనే రెండోవారు వేశారు. మళ్ళీ వేశారు. మూడు, మూడు. అప్పుడు వాన మారింది. స్టేడియం మెట్ల మీద చినుకులు మామూలుగానే పడుతున్నాయి, మైదానం మీద మాత్రం గాజుపూసల్లా వేలాడుతూ దిగుతున్నాయి. గడ్డి మీద వెలుగు పొద్దువాలినట్టు ఎర్రబడింది. ఆటగాళ్ళ కేకలు బొంగురుపోయి, దూరంగా వంతెన మీద గూడ్సు బండి పోతున్నట్టు వినిపించాయి. నలభై వేల మంది ఉన్న చోట చప్పట్లు లేవు. ఒక ముసలాయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. బ్రెసాన్ కెజియా మోచెయ్యి పట్టుకుంది, పట్టుకున్న సంగతి ఆమెకే తెలియదు.

తొంభై నిమిషాలు అయ్యాయి. గిద్యోను రెండు మణికట్లూ కళ్ళ ముందుకు తెచ్చుకుని చూశాడు.

కెజియాకు అప్పుడు వెలిగింది. "వద్దు తమ్మీ!" అని అరిచింది. ఎడమచేతిది లోపలి సమయం. కుడిచేతిది బయటి సమయం. ఆ రెండింటి తేడా అతని కళ్ళకు ఎప్పుడూ ఒకటే, ఆట పోగొట్టుకున్న కాలం. ఆటగాళ్ళకు తిరిగి ఇచ్చేయవలసిన కాలం. అతని రెండు చేతులూ మెల్లగా పైకి లేచాయి. పది వేళ్ళు విచ్చుకున్నాయి. ముడుచుకున్నాయి. మళ్ళీ మూడు వేళ్ళు లేచాయి.

పదమూడు నిమిషాలు కలిపాడు. నిజంగా ఆట ఆగింది నాలుగు నిమిషాలే. మిగతావి, కాలం చిక్కబడి తానుగా చేసిన తేడా.

మూడు మూడు మీద, అలిసిపోయిన ఇరవై రెండు ప్రాణాలకు ఇంకా పదమూడు నిమిషాలు ఇస్తే ఏమవుతుంది? అంతవరకు ఆడినది ఆటే కాదన్నట్టు ఆడారు. సాయంత్రానికి వాళ్ళు పరుగులో బొమ్మల్లా నిలిచిపోయారు. తెల్లవారేసరికి బంతి, తన్నిన కాలికి జానెడు దూరంలో, గాలిలో ఉంది.

నెల తిరక్కుండా సులోచన వచ్చింది. మెట్లు దిగి గీత దగ్గర నిలబడి మొగుణ్ణి చూసింది. అతను ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో ఉంచి, ఎర్రటి మసకలో ఉన్నాడు.

"వదినా, తోలుకొస్తనని తోలుకపోయినవ్. ఏడి?"

లోపలివాళ్ళను బయటికి తేవడానికి సహాయక దళం వచ్చింది. వాళ్ళలో ఒకడు నడుముకు తాడు కట్టుకుని లోపలికి రెండడుగులు వేసి వెంటనే వెనక్కి తిరిగాడు. అతను మళ్ళీ గీత దాటేసరికి బయట శీతాకాలం వచ్చింది. తర్వాత ఇంకెవర్నీ పంపలేదు.

"ఆయనకు మనం అగుపడతమా?" అని అడిగింది సులోచన.

"మనం కదులుతం కాబట్టి అగుపడం. రోజులు ఆయనకు కండ్లార్పినట్టు పోతయి. కదలకుండ ఒక్క జాగలనే ఉన్నది ఏదన్నుంటే, అది అగుపడుతది."

సులోచన మర్నాడు ఊర్లోకి వెళ్ళి పసుపుపచ్చ శాలువా కొనుక్కుంది. మూల జెండా పక్కన ఒక కుర్చీ వేయించుకుంది. పొద్దున్నే వచ్చి శాలువా కప్పుకుని కూర్చునేది, చీకటి పడ్డాక లేచేది. మంచు పడ్డా, జ్వరం వచ్చినా. ఒక ప్రార్థన పుస్తకం, ఒక ఫ్లాస్కు. దగ్గరికి వచ్చి ఫోటోలు తీసేవాళ్ళను తెలుగులోనే తిట్టేది. "నీ అత్తగారింట్ల పెండ్లనుకున్నవా? ఎడంగ జరుగు, నా మీద నీడ పడుతుంది." వాళ్ళు అర్థం కాకపోయినా జరిగేవారు.

మరుసటి వసంతంలో గిద్యోను తల పైకి తిరగడం మొదలైంది. ఎండాకాలం నాటికి అతను ఆకాశం చూస్తున్నాడు. పగలూ రాత్రీ చక్రంలో ఆకుల్లా కొట్టుకుంటున్న ఆకాశం. కొండ మీద చెట్లు తెల్లబడి, అప్పుడే పచ్చబడ్డాయి. అతని ముఖం మారడాన్ని కెజియా వారాలపాటు రోజూ చూసింది. మొదట అనుమానం. తర్వాత అర్థం కావడం. చివరికి అతని కళ్ళు కిందికి దిగి కుడిచేతి గడియారం మీద ఆగాయి.

విజిల్ పెదాలకు చేరింది. ఆ మోత గీత దాటి సరస్సు మీదుగా, పెద్ద పశువు మూలిగినట్టు, పద్దెనిమిది రోజులు వినిపించింది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పనులు మానుకుని ఒడ్డున కూర్చుని విన్నారు. తర్వాత గిద్యోను బంతి దగ్గరికి వెళ్ళి దాని మీద కాలు పెట్టాడు.

అయిపోయిందనుకున్నారు అందరూ. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు రెఫరీ విజిల్‌కు ఎప్పుడు ఒప్పుకున్నారు గనుక? పదమూడు ఇస్తానని ఏడు నిమిషాలకే ఆపాడు. ఇరవై ఇద్దరూ అతని చుట్టూ మూగారు. ఎవరూ ఆకాశం చూడలేదు. చేతులు ఊపుతున్నారు, బంతి కోసం తోసుకుంటున్నారు. చెప్పి ఒప్పించే వ్యవధి గిద్యోనుకు లేదు. జేబులోకి చెయ్యి పోయింది.

రెడ్ కార్డు చూసినవాడు మైదానం విడిచి పోవాల్సిందే. అది పైకి లేవడానికి నెల పట్టింది. మైదానానికి ఆ చివర్నుంచి చూస్తే జెండా ఎగరేస్తున్నట్టు ఉండేది.

మొదట బయటికి వచ్చినవాడు లిస్బన్‌వాడు, రుయ్ తవారెస్. అరచేతులు చాచి రెఫరీని తిడుతూ గీత దాటాడు. దాటి, తిట్టు సగంలో ఆపేశాడు. జనం బట్టలు మారాయి. ఎదురుగా నిలబడ్డ తన భార్య జుట్టు కత్తిరించుకుంది. ఆమె వెనక దాక్కుని మూడేళ్ళ పిల్ల తొంగి చూస్తోంది. అతను వెళ్ళేటప్పుడు ఆ పిల్ల ఒళ్ళో ఉండేది. ఆటగాడు గడ్డి మీద చతికిలబడి, బురద చేతులతో తన మొహాన్ని తానే తడుముకున్నాడు.

సాయంత్రం కెజియా అతన్ని అడిగింది. "రెఫరీ మీతో ఏమన్నాడు?"

"వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. అరవలేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది." రుయ్ గుర్తు తెచ్చుకుని ఒక్కో ముక్కా పలికాడు. "పో తమ్మీ. ఇంటికి పో."

సులోచన శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్కొక్కరే వచ్చారు. మిలాన్‌వాడు, మాంచెస్టర్‌వాడు, గోల్‌కీపర్లు ఇద్దరూ. ప్రతివాడూ కోపంతో వచ్చాడు, ప్రతివాడూ గీత దాటి తనవాళ్ళ కోసం వెతుక్కున్నాడు. తల్లిని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తమ్ముడు తనకంటే పెద్దవాడైపోవడం చూసినవాళ్ళున్నారు. క్లబ్బులే మాయమైపోయినవాళ్ళున్నారు. బంతుల్లో గడియారాలు పెట్టడం ఖండమంతటా నిషేధించారు. ఏ లీగ్ గొప్పదో అన్న వాదన మాత్రం కాఫీ హోటళ్ళలో ఎప్పటిలాగే సాగుతోంది.

కెజియా ఒక్కో ఆటగాడు వచ్చాక బంతి గడియారం చూసేది. ఐదోవాడు వచ్చేసరికి ఆమెకు సంగతి తెలిసిపోయింది. విజిల్ పడినంత మాత్రాన పేరుకున్న కాలం కరగలేదు. లోపలున్నవాళ్ళు దాన్ని పంచుకుని మోస్తున్నారు. ఒకడు బయటికి వస్తే వాడి వంతు మిగిలినవాళ్ళ మీద పడుతోంది. బంతి మీద కాలు పెట్టి నిలబడినవాడి మీద అందరికంటే ఎక్కువగా పడుతోంది. బ్రెసాన్‌కు చెప్పింది. సులోచనకు చెప్పలేదు. చెప్పని ఆ మాటతో పక్కపక్క గదుల్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఏళ్ళు గడిపింది. బ్రెసాన్ పోయింది. కెజియా కళ్ళకు శుక్లాలు వచ్చాయి. సులోచన జడ తెల్లబడింది. లోపల గిద్యోను మీసం నల్లగానే ఉంది, దాని మీద వాన చుక్క ఒకటి ఇంకా రాలలేదు.

ఇరవై రెండోవాడు లివర్‌పూల్‌వాడు, హారిస్ డన్, ఇంగ్లండ్ జట్టు కెప్టెన్. అతను తిడుతూ రాలేదు. అందరిలోకీ అతనొక్కడే లోపల తల ఎత్తి ఆకాశం చూశాడు. తిన్నగా మూల జెండా దగ్గరికి నడిచి, సులోచన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కెజియా పక్కన నిలబడి అతని మాటలు తెలుగులో చెప్పింది.

"అక్కడ్నుంచి చూస్తే అన్నీ చెరిగిపోతున్నాయి. ఈ మూల ఒక్క పసుపు చుక్క మాత్రం కదలకుండా ఉంది. రెఫరీ ప్రతి కార్డు తీసే ముందు దీన్నే చూశాడు. తర్వాత ఆకాశం చూసేవాడు. ఒక్కొక్కడు వెళ్ళినప్పుడల్లా ఆకాశం ఇంకా వేగంగా తిరిగేది. అది ఆయనకు తెలుసు. చూసి, మళ్ళీ కార్డు తీసేవాడు. నా వంతు వచ్చినప్పుడు, నువ్వు ముందు వెళ్ళు, నేను ఉంటానన్నాను. నవ్వాడు. నాకు రెండుసార్లు కార్డు చూపించాడు."

సులోచన ప్రార్థన పుస్తకం మూసింది. తర్వాత అడిగింది. "నీకు ఎప్పటి సంది ఎరుక వదినా?"

"ఐదోవాడు వచ్చినప్పటి సంది."

"మంచి పని చేసినవ్, చెప్పకుండ. చెప్తే నేను శాలువా తీసి పారేద్దును, పంపకు అని. ఆయన చూసేటోడు." ఆమె మైదానం వైపు తిరిగింది. "ఇప్పుడు నిజం చెప్పు. ఎప్పుడొస్తడు?"

ఎర్రటి వెలుగు మైదానం మధ్య చిన్న దీపమంత అయింది. అందులో గిద్యోను బంతి మీంచి కాలు తీయబోతున్నాడు. ఇరవై ఇద్దరి వంతూ ఇప్పుడు అతనొక్కడిదే.

"కాలు తీసుడు మొదలుపెట్టిండు. అది నేల మీద ఆనేసరికి మనముండం సులోచనా. ఈ స్టేడియం ఉండదు. ఈ సరస్సు ఇట్ల ఉంటదో లేదో చెప్పలేను."

"అంటే ఆయనకు ఇంక ఆ ఆదివారమే నడుస్తుందా?"

"ఆ ఆదివారమే."

సులోచన శాలువా సర్దుకుంది. "మొకం చూడు, అలిసిపోలేదు. పని అయిపోయినోని మొకం అది" అంది. ఆ రోజూ చీకటి పడేదాకా కదలకుండా కూర్చుంది. మర్నాడూ వచ్చింది. ఆమె పోయేదాకా వచ్చింది.

ఇరవై రెండు మంది ఆటగాళ్ళూ ఇళ్ళకు చేరారు. ఆఖరివాడు హారిస్ డన్ గీత దాటింది రెండు వేల అరవై మూడు, అక్టోబరు నాలుగున. లాలాగూడ రెఫరీ గిద్యోను రెండు వేల నలభై ఆరు, జూన్ పది, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మైదానంలోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.